చెవిలోని సాక్ష్యము

సైన్యమున చేరవచ్చిన యువకుని వీపు త్రిప్పి నిలువుమని చెప్పి, 610 సెంటీమీటర్ల దూరమునుండి వైద్యుడు గుసగుసగా ఒక మాట పలుకును. ఒక్కొక్క చెవితో విడివిడిగా ఆ మాటను విని మరల చెప్పగలిగినవాడు వినికిడి విషయమున నిర్దోషి యని పత్రమున నమోదగును. ఆ యువకుడే పదునేడో ఇరువదియో ఏండ్లు కొలువు చేసి, విడుదలకు ముందు వైద్యమండలి యెదుట నిలిచినప్పుడు వాని చెవి మునుపటివలె లేదని తేలినచో, ఈ రెండు పరీక్షల నడుమ వాని వినికిడిని హరించినది సైనికోద్యోగమా, వయస్సా, వంశమా యను ప్రశ్న పుట్టును. చూచుటకు చిన్నదిగా తోచు ఈ ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టియే కర్నూలు, కడప జిల్లాలలోని మాజీ సైనికుల వైకల్యపు పింఛను నిలుచుటయో తొలగుటయో జరుగుచున్నది. ఈ ప్రశ్నకు శరీరశాస్త్రము ఎంతవరకు జవాబు చెప్పగలదో, ఎచ్చట చెప్పలేక ఆగిపోవునో, ఆగిన చోటినుండి చట్టము ఏమి చేయుమన్నదో వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

వాన ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే యుండి, అదియైనను అదనున కురియునన్న నమ్మకము లేని ఈ సీమలో, చేను చేతికి రాని యేట ఇంటిని నిలబెట్టునది నెలజీతము; చదువు కొలదిగానున్న పల్లెకుర్రవానికి ఆ నెలజీతమును అందుబాటులో ఉంచునది సైన్యము. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడు వరకు కర్నూలు జిల్లాలోనే యుండిన గిద్దలూరు, మార్కాపురము తాలూకాలు సైనికులకు పేరుమోసిన చోట్లు. ఈ ప్రాంతముల నుండి పోయినవారిలో గోల్కొండలోని ఆర్టిలరీ సెంటరున ఫిరంగి విద్య నేర్చినవారు కలరు, సికింద్రాబాదులో యంత్రముల మరమ్మతు నేర్చినవారు కలరు, బెంగుళూరులోని మద్రాసు ఇంజనీర్ గ్రూపులో వంతెనలు కట్టుటయు బండలు పేల్చుటయు నేర్చినవారు కలరు, వెల్లింగ్టనులో మద్రాసు రెజిమెంటు పదాతులుగా తయారైనవారును కలరు. దళములు వేరైనను, పనులు వేరైనను, వీరందరి చెవులును భరించినది మాత్రము మ్రోతయే.

మ్రోత చేయు పని

శబ్దమనగా గాలిలోని పీడనము క్షణక్షణము హెచ్చి తగ్గుటయే. మనుష్యుని చెవి పసిగట్టగల అత్యల్ప పీడనము ఒక పాస్కలులో యాబదివేలవ వంతు. దానిని సున్న డెసిబెల్ అని శాస్త్రజ్ఞులు లెక్కకు మొదలుగా పెట్టుకొనిరి. ఈ కొలమానమున పది డెసిబెల్ పెరిగినప్పుడెల్ల శబ్దశక్తి పదింతలగును. ఇరువది పెరిగినచో నూరింతలగును. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనునప్పటి శబ్దము సుమారు 60 డెసిబెల్. మ్రోత 85 డెసిబెల్ ఉన్న చోట దినమునకు ఎనిమిది గంటలకు మించి పని చేయరాదనియు, ఆపైన మూడేసి డెసిబెల్ పెరిగిన కొలదిని ఆ కాలము సగము సగముగా తగ్గవలెననియు అమెరికాలోని వృత్త్యారోగ్య పరిశోధన సంస్థ సూచించినది. ఆ లెక్కన 100 డెసిబెల్ మ్రోతలో ఉండదగిన కాలము దినమునకు పదునైదు నిమిషములే. మన కర్మాగారముల నిబంధనలు 90 డెసిబెల్‌ను ఎనిమిది గంటలకు హద్దుగా నిర్ణయించినవి.

ఇవి యన్నియు తెంపులేక సాగు మ్రోతను గూర్చిన లెక్కలు. తుపాకి సంగతి వేరు. రైఫిలు ప్రేలినప్పుడు కాల్చువాని చెవి దగ్గర పీడనశిఖరము సుమారు 155 మొదలు 165 డెసిబెల్ వరకును, పెద్ద ఫిరంగి చెంత నిలుచు సిబ్బంది యొద్ద 170కి పైనను ఉండును. రక్షణ లేని చెవికి ఇట్టి శిఖరము 140 దాటరాదన్నది పలు దేశములు ఒప్పుకొన్న హద్దు. చాందమారీలో, అనగా గురి నేర్చుకొను మైదానమున, ఒక్క ఉదయమున ఒక సైనికుడు పదుల కొలది తూటాలు కాల్చును. తన ప్రక్కన వరుసగా పరుండి కాల్చువారి తూటాల మ్రోతయు వాని చెవినే చేరును.

చెవికి ప్రకృతి ఒక రక్షణ నొసగకపోలేదు. కర్ణభేరి వెనుకనున్న కూటకము, దాగలి, అంకవన్నె యను మూడు చిన్న యెముకలలో చివరిదానికి అంటియున్న సన్నని కండరము, పెనుశబ్దము వినబడినంతనే బిగుసుకొని, లోపలికి పోవు కదలికను కొంత తగ్గించును. ఐతే ఆ కండరము పూర్తిగా బిగియుటకు ఒక క్షణములో పదవవంతు కాలము పట్టును. తుపాకి ప్రేలుడు అంతకు ముందే, కొన్ని మిల్లీసెకండ్లలోనే ముగిసిపోవును. ఉరుములకును జలపాతములకును తగినట్లు ఏర్పడిన ఈ కాపుదల వెడిమందును కనుగొన్న మానవునికి చాలలేదు.

ఆ మూడెముకలను దాటి కదలిక కర్ణావర్తమును చేరును. రెండున్నర చుట్లకు మించి మెలి తిరిగిన ఈ నాళమును చాచి కొలిచినచో సుమారు 35 మిల్లీమీటర్లుండును. ద్రవముతో నిండిన దాని లోపల, ఇటలీ దేశస్థుడు ఆల్ఫోన్సో కోర్టి 1851లో వర్ణించిన సున్నితమైన పొర మీద, రోమకణములు వరుసలు తీరి యుండును. శబ్దమును నాడికి తెలియజేయు లోపలి వరుసలో సుమారు 3,500, ఆ శబ్దమును సరిదిద్ది హెచ్చించు వెలుపలి వరుసలలో సుమారు 12,000 కణములు ఒక్కొక్క చెవిలో నుండును. నాళము మొదట నున్నవి కీచుస్వరములకును, కొనయందున్నవి మంద్రస్వరములకును స్పందించుననియు, కదలిక అలవలె మొదటినుండి కొనకు సాగుననియు నిరూపించిన గెయోర్గ్ ఫాన్ బేకేషీకి 1961లో నోబెల్ బహుమానము లభించినది.

ఈదురుగాలికి ఒరిగిన కొర్రచేను తెల్లవారునప్పటికి మరల నిక్కును. వడగండ్ల దెబ్బకు కాడ విరిగిన చేను నిక్కదు. రోమకణముల స్థితియు అట్టిదే. ఒక మోస్తరు మ్రోత తరువాత చెవులు గుయ్యిమని, ఒకటి రెండు దినములు మాట దూరమైనట్లు తోచి, పిదప సర్దుకొనును. మ్రోత పెద్దదైనను, పలుమారు మీదపడినను, రోమములు విరిగి కణములు నశించును. పక్షులలో ఈ కణములు మరల పుట్టగలవు; మానవునితో సహా పాలిచ్చు జంతువులలో నశించినది నశించినదే. 2009లో బోస్టనులోని కుజావా, లిబెర్మన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధనలో ఇంకొక విశేషము బయటపడినది. రెండు గంటల మ్రోత తరువాత ఎలుకల వినికిడి కొలది దినములకు మామూలు స్థితికి వచ్చినట్లు పరీక్షలు చూపినను, రోమకణములకును నాడికిని నడుమనున్న సంధులలో, నాళములోని కొంత భాగమున, సుమారు సగము శాశ్వతముగా నశించి యుండెను. పరీక్షలో కానరాని నష్టము చెవిలో ఉండవచ్చునని దీనివలన తేలినది. మనుష్యులలో ఇది యేపాటిదో తేల్చు యత్నములు నేటికిని సాగుచున్నవి.

ఇచ్చట ఒక వైపరీత్యము గమనింపదగినది. సమీపమున బాంబు ప్రేలి కర్ణభేరి చినిగినచో వైద్యుడు దీపము వేసి చూడగలడు, పత్రమున వ్రాయగలడు. అట్టి చినుగు పెక్కుమార్లు తనంత తానే మానును. లోచెవిలోని కణముల మరణము ఏ దీపమునకును కానరాదు, ఎన్నటికిని మానదు. మానెడి గాయమునకు కాగితము సులభముగా దొరకుటయు, మానని గాయమునకు దొరకకుండుటయు ఈ వివాదముల కన్నింటికి మూలము.

నాలుగువేల హెర్ట్జ్‌ల గుంట

అయినను ఆ గాయము బొత్తిగా గుర్తు లేకుండ పోదు. నిశ్శబ్దమైన గదిలో చెవికి తొడుగులు పెట్టి, మంద్రము మొదలు కీచు వరకు ఒక్కొక్క స్వరమును వినిపించుచు, రోగి వినగలిగిన అత్యల్ప శబ్దమును గుర్తించి గీసిన రేఖాపటమును ఆడియోగ్రాం అందురు. వయస్సు వలన వచ్చు చెవుడు కీచుస్వరముల వైపు క్రమక్రమముగా దిగజారు వాలువలె ఆ పటమున కనబడును. మ్రోత వలన వచ్చిన చెవుడు, ముఖ్యముగా దాని తొలిదశలలో, 4000 హెర్ట్జ్‌ల ప్రాంతమున నిటారుగా గుంటపడి, 8000 వద్ద మరల కొంత పైకి లేచును. చెవి రంధ్రపు పొడవును బట్టి సుమారు 3000 హెర్ట్జ్‌ల స్వరములు అందులో సహజముగానే హెచ్చి వినబడుటయు, దానికి కొంచెము పైనున్న స్థానమున దెబ్బ గట్టిగా తగులుటయు ఈ గుంటకు ముఖ్యకారణములు. చెవిలో దస్త్రమేదియు లేకున్నను, గడచిన కాలపు మ్రోతను ఇట్లు కొంతవరకు అది నమోదు చేసికొని యుండును.

ఐతే ఈ గుంటను చూపుటయో దాచుటయో లెక్క కట్టు పద్ధతిపై ఆధారపడును. ఒక మాజీ సైనికునికి 500 హెర్ట్జ్‌ల వద్ద 15, 1000 వద్ద 15, 2000 వద్ద 25, 4000 వద్ద 65 డెసిబెల్ లోపము కలదనుకొందము. మొదటి మూడింటి సగటు తీసినచో 18 వచ్చును. 25 లోపున నుండుటచే వినికిడి మామూలుగా నున్నదని వ్రాయవచ్చును. నాల్గవదానిని చేర్చి సగటు తీసినచో 30 అగును, లోపమున్నదని వ్రాయవలసివచ్చును. చెవి అదియే, పరీక్ష అదియే, వైద్యుడును అతడే; అంకెలను కూడిన తీరు మాత్రమే మారినది. కావున అప్పీలు చేయదలచినవాడు తనకు వచ్చిన సగటును గాక, పూర్తి రేఖాపటమును చేత పట్టుకొనవలెను.

ఈ గుంట బ్రతుకులో ఎట్లుండునో తెలిసికొనుటకు తెలుగు మాటలే చాలును. అచ్చుల బలము మంద్రస్వరములలో నుండును. స, శ, చ, త, క వంటి హల్లులను ఒకదానినుండి యొకటి వేరుచేయు సూక్ష్మభేదములు పెక్కు కీచుస్వరములలో నుండును. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగియును గనుక ఎవరో ఏదో పలికిరని అతనికి నిశ్చయముగా తెలియును. ఐతే 'చాలు' అన్నది 'కాలు'గాను, 'తాళం' అన్నది 'సాలం'గాను చెవిని చేరును. ఎదురుగా నిలిచి మగవాడు పలికిన మాట తెలియుటయు, వంటింటినుండి కోడలో మనుమరాలో పలికిన మాట తెలియకుండుటయు అందువలననే. 'పిలిచినా పలుకడు, కావలసినది మాత్రము వినబడును' అని ఇంటివారు నిష్ఠురమాడుదురు. అది మొండితనము కాదు, రేఖాపటములోని గుంటయే.

చెవుల హోరు దీనికి తోబుట్టువు. బయట శబ్దమేదియు లేకున్నను లోపల కీచురాయి కూసినట్లో ఆవిరి కారినట్లో ఎడతెగక వినబడు ఈ బాధను కొలువగల యంత్రము లేదు. రోగి మాటయే ఆధారము. అమెరికాలో మాజీ సైనికులు నష్టపరిహారము పొందు వైకల్యములలో ఈ హోరును, వినికిడి లోపమును ముందు వరుసలో నిలుచుచున్నవి. అక్కడి సైన్యమునకు 2003 మొదలు సరఫరా చేసిన చెవిబిరడాలు లోపభూయిష్టములన్న వ్యాజ్యములలో త్రీఎమ్ కంపెనీ 2023 ఆగస్టులో సుమారు 600 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను.

తల తిరుగుట

చెవి వినుటకు మాత్రమే కాదు, నిలుచుటకును సాధనము. కర్ణావర్తమునకు ఆనుకొని, అదే ద్రవముతో నిండి, మూడు అర్ధవర్తుల కుల్యలును రెండు చిన్న తిత్తులును కలవు. తల ఎటు తిరిగినది కుల్యలు తెలుపును. ఎటు వంగినది, సాగు వేగము ఎంత మారినది తిత్తులు తెలుపును. ఇందును రోమకణములే పని చేయును గనుక, వినికిడిని చెరచిన ప్రేలుడు సమత్వమును కూడ చెరచుట వింత కాదు.

దీనిని పరీక్షించు మార్గమును చూపినవాడే యుద్ధఖైదీ యగుట చరిత్రలో నొక విచిత్రము. వియన్నా నగర వైద్యుడు రాబర్ట్ బరానీ, చెవిని కడుగుటకు చల్లని నీరు పోసినప్పుడు రోగి కనుపాపలు ఒక దిక్కునకును, వెచ్చని నీరు పోసినప్పుడు రెండవ దిక్కునకును కొట్టుకొనుటను గమనించి, వేడిమి చేత కుల్యలోని ద్రవము కదలుటయే కారణమని వివరించెను. మొదటి ప్రపంచ యుద్ధమున ఆస్ట్రియా సైన్యపు వైద్యుడుగా నుండి రష్యనులకు పట్టుబడి, మధ్య ఆసియాలోని మెర్వ్ శిబిరమున బందీయై యుండగా, 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము తనకు వచ్చినదని అతడు వినెను. స్వీడను రాకుమారుడు కార్ల్ రెడ్‌క్రాస్ ద్వారా పూనుకొనగా 1916లో విడుదలయ్యెను. భారము లేని అంతరిక్షమునను ఈ పరీక్ష పనిచేయుట 1983లో స్పేస్‌ల్యాబ్ ప్రయోగములందు కనబడినది గనుక, అతని వివరణ సంపూర్ణము కాదని పిదప తేలినను, పరీక్ష మాత్రము నేటికిని వైద్యశాలలలో నిలిచి యున్నది.

మన పల్లెలలో తల తిరిగినదనగానే పైత్యమనియు, ఎండదెబ్బ యనియు, నిమ్మరసము త్రాగుమనియు చెప్పుదురు. మే నెలలో కర్నూలు ఎండకు నీరు తగ్గి కన్నులు చీకట్లు క్రమ్ముట నిజమే. రక్తపోటు మాత్రల వలన లేచి నిలువగానే తూలుటయు నిజమే. లోచెవి వలన వచ్చునది వీటికంటె భిన్నము: గది గిరగిర తిరిగినట్లుండి, కన్నులు కొట్టుకొని, వాంతి యగును. పడకలో ప్రక్కకు ఒత్తిగిలినప్పుడు అర నిమిషము మాత్రము గిరగిర తిరిగినచో, తిత్తిలో నుండవలసిన సున్నపు కణికలు జారి కుల్యలో పడినవని యర్థము. 1952లో డిక్స్, హాల్‌పైక్ అను వైద్యులు వివరించిన రీతిగా రోగిని చటుక్కున వెల్లకిల పరుండబెట్టి చూచినచో ఇది నిమిషములో తేలును; ఎప్లీ యను అమెరికను వైద్యుడు నేర్పిన విధముగా తలను క్రమముగా త్రిప్పినచో పెక్కురకు అప్పుడే నయమగును. తలకు తగిలిన దెబ్బ దీనికొక ప్రసిద్ధ కారణము. ఇట్టివానికి ముందు కావలసినది చికిత్స. పింఛను ప్రశ్న ఆ తరువాతిది. వినికిడి తగ్గుచు హెచ్చుచు, హోరుతోను గంటలకొలది తిరుగుడుతోను వచ్చు వ్యాధిని 1861లో పారిసు వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్ వర్ణించెను. దాని మూలకారణము ఈనాటికిని స్పష్టము కాదు.

లోచెవి ఒక ప్రక్క దెబ్బతిన్నచో మెదడు కొన్ని వారములలో ఆ లోటును కన్నుల సాయముచేతను పాదముల సాయముచేతను సర్దుకొనును. అందుచేత పట్టపగలు, చదునైన నేలపై, వైద్యుని గదిలో అతడు చక్కగా నడచును. రాత్రివేళ బోరు మోటారు వేయుటకు చేని గట్టు మీద పోవునప్పుడు తూలి పడును. చీకటిలో కన్నుల సాయము తొలగుటయు, మెత్తని దుక్కిలో పాదముల సాయము తగ్గుటయు ఇందుకు కారణము. కన్నులు మూసికొని నిలుచు పరీక్షను, కుల్యల పరీక్షను చేయక 'నడక బాగున్నది' అని వ్రాసిన పత్రము సగము సత్యమే చెప్పును.

అప్పీలు సాగు దారి

ఇక కాగితము సంగతి. సైన్యపు ఆరోగ్యవర్గీకరణమున మనస్సు, వినికిడి, అవయవములు, దేహబలము, దృష్టి యను ఐదింటిలో వినికిడికి ప్రత్యేకస్థానము కలదు. విడుదలకు ముందు వైద్యమండలి మూడు ప్రశ్నలకు జవాబు వ్రాయును: లోపమెంత? అది సైనికోద్యోగము వలన కలిగినదా? అట్లు కాకున్నను, ఉద్యోగము వలన ముదిరినదా? లోపము నూటికి ఇరువది పాళ్లకు తక్కువ కాకుండ, తరువాతి రెండు ప్రశ్నలలో ఒకదానికైనను అవునన్న జవాబు ఉన్నచో వైకల్యపు పింఛను లభించును. 'ఉద్యోగము వలన కలిగినదియు కాదు, ముదిరినదియు కాదు' అనుటకు సంక్షేపముగా ఆంగ్లమున వ్రాయు ఎన్.ఎ.ఎన్.ఎ. అను నాలుగక్షరములు ఎందరి అర్జీలనో త్రోసివేసినవి.

మన జనులు ఎక్కువగా ఎరిగిన సదరం శిబిరపు ధ్రువపత్రమునకును దీనికిని భేదము కలదు. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము రెండు చెవులలోను 60 డెసిబెల్ లోపము నుండి లెక్కకు తీసికొనును. లోపమెంత యనియే చూచును గాని ఎందువలన వచ్చినదని అడుగదు. సైనిక పింఛను తక్కువ లోపమునకును దక్కవచ్చును, కాని ఎందువలన అని తప్పక అడుగును. సదరము తిరస్కరించినవాడు సైనిక పింఛనుకు అర్హుడు కావచ్చును. సదరము పొందినవాడు అనర్హుడు కావచ్చును.

పూర్తి వైకల్యమునకు చివరి వేతనములో 30 శాతము చొప్పున ఈ పింఛను లెక్కింపబడును. ఆ ప్రకారము ఇరువది పాళ్ల లోపమునకు ఆరు శాతము. 2001 జనవరి 31నాటి ఉత్తర్వు యాబదికి లోపున్న దానిని యాబదిగా ఎంచుమన్నది. అప్పుడది పదునైదు శాతమగును. ఉద్యోగకాలము పూర్తి చేసి విరమించినవారికిని ఈ సవరణ వర్తించునని 2014 డిసెంబరు 10న రామావతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పందొమ్మిదికిని ఇరువదికిని నడుమ నున్న ఒక్క పాలు కొరకు అప్పీళ్లు ఎందుకు పుట్టునో దీనివలన బోధపడును.

తిరస్కృతి లేఖ చేతికందిన ఆరు నెలలలో మొదటి అప్పీలు, అదియు కాదన్నచో రెండవ అప్పీలు, సైన్యములోని సంఘముల యెదుటనే విన్నవించుకొనవలెను. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ఇందుకు దారి చూపును. అవి ముగిసిన పిదప, 2007నాటి చట్టము ననుసరించి 2009 ఆగస్టులో పని ప్రారంభించిన సాయుధ దళముల ట్రిబ్యునలు కలదు. ఆంధ్రప్రదేశము దాని చెన్నై పీఠమునకు లోబడినది. అప్పీలుకు ఆరు నెలలైనను జవాబు రానిచో నేరుగా ట్రిబ్యునలుకు పోవచ్చును. ట్రిబ్యునలు తీర్పుపై హైకోర్టు రిట్ అధికారము తొలగిపోలేదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఆలస్యముగా వచ్చినవానిని బొత్తిగా వెడలగొట్టక, పింఛను నెలనెలయు పుట్టు హక్కు గనుక, అర్జీకి ముందు మూడేండ్ల బకాయికి పరిమితము చేయుట తర్సేంసింగ్ కేసులో 2008లో ఏర్పడిన మార్గము.

ఐతే ఆలస్యము వేరొక విధముగా ప్రమాదకరము. 2008నాటి నియమములు, విరమించిన పదునైదేండ్ల తరువాత, భద్రపరచు గడువు దాటి పత్రములు నశించిన పిమ్మట అర్జీ పెట్టినచో, నిరూపణభారము అర్జీదారునిదే యని చెప్పుచున్నవి. శాస్త్రమును ఇందుకు తోడగును: మ్రోత ఆగిన పిదప దానివలని చెవుడు సాధారణముగా ముదురదు, వయస్సు వలని చెవుడు మాత్రము ఏటేట వచ్చి దానిపై కప్పును. విరమించినవాడు బేతంచెర్లలో నాపరాళ్లను మెరుగుపెట్టు ఫ్యాక్టరీలోనో, మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గరనో, యర్రగుంట్ల సిమెంటు కర్మాగారమునందో పదేండ్లు పని చేసినచో, ఆడియోగ్రాంలోని గుంట ఏ మ్రోతదో ఏ నిపుణుడును విడదీసి చెప్పలేడు. విరమించిన నెలలోనే కర్నూలు సర్వజన వైద్యశాలలోనో, కడప రిమ్స్‌లోనో తీయించుకొన్న తేదీతో కూడిన పటమొక్కటి ఆ చిక్కును ముందే విప్పును. వినలేనట్లు నటించుచున్నాడన్న అనుమానమునకు కూడ మందు కలదు: తలపై తంతులు అంటించి, శబ్దమునకు మెదడుకాండము పంపు విద్యుత్సంకేతములను గ్రహించు బెరా పరీక్షకు రోగి జవాబుతో పని లేదు.

సందేహము ఎవరి పక్షము

పరీక్షలన్నియు ముగిసిన పిదప ఒక శేషము మిగులును. నలువదేండ్ల వయస్సున, ఇరువదేండ్ల ఫిరంగి కొలువు తరువాత, చిన్ననాడు చెవిలో చీము కారిన చరిత్రయో, క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదులు పొందిన చరిత్రయో ఉన్న మనుష్యుని లోచెవిలో ఏ కణము ఏ కారణమున చచ్చినదో విజ్ఞానము చెప్పలేదు. మ్రోత వేలమందిలో చెవుడు కలిగించునని అది దృఢముగా చెప్పగలదు. ఈ యొక్కనికి కలిగించినది అదియే యని ప్రమాణము చేయలేదు. ఈ హద్దును ఎరిగియే కాబోలు, 1982నాటి అర్హతా నియమములు మూడు సూత్రములను నిలిపినవి: చేర్చుకొన్నప్పుడు పత్రమున వ్యాధి వ్రాయబడకున్నచో ఆరోగ్యవంతుడుగా చేరినట్లు ఎంచవలెను, అర్హతను నిరూపింపుమని అర్జీదారుని అడుగరాదు, సహేతుకమైన సందేహమున్నచో దాని ఫలము అతనికే చెందవలెను.

సుమారు తొమ్మిదేండ్ల కొలువు తరువాత మూర్ఛవ్యాధితో పంపివేయబడిన ధరమ్‌వీర్ సింగ్ అను సైనికుని కేసులో, 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఈ సూత్రములనే వివరించి, చేరునప్పుడు ఆ వ్యాధిని ఎందుకు కనుగొనలేకపోయిరో హేతువు వ్రాయక 'స్వభావసిద్ధమైన రోగము' అని కొట్టివేసిన మండలి అభిప్రాయము చెల్లదన్నది. ఆ వ్యాధి వేరైనను సూత్రము చెవికిని వర్తించును. రోగిని చూచిన మండలి నిర్ణయించిన లోపపు శాతమును, చూడని పింఛను కార్యాలయము తగ్గింపరాదని 1993లోనే సాపర్ మోహిందర్ సింగ్ కేసులో తీర్పు వచ్చియుండెను. అన్ని తీర్పులును ఒకే దారిన పోలేదు. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో మనోవ్యాధి విషయమున మండలి అభిప్రాయమునే కోర్టు నిలిపెను. 2023 సెప్టెంబరు 21 నుండి విరమించువారికి కొత్త నియమములు వచ్చినవి. పాతవారి హక్కులు పాత నియమముల ప్రకారమే తేలవలసియున్నవి.

సందేహఫలమును సైనికునికిచ్చుట ప్రభుత్వము చూపు దయ యని కొందరు తలంతురు. అది పొరపాటు. తనకు తెలిసినదెంతయో తెలియనిదెంతయో నిజాయితీగా ఒప్పుకొన్న విజ్ఞానమునకు చట్టము ఇచ్చిన రూపమే అది. హేతువు చూపకుండ 'కాదు' అని వ్రాసిన వైద్యుడు శాస్త్రమునకు లేని నిశ్చయమును దానికి అంటగట్టుచున్నాడు. ఈ సందేహమును తగ్గించు ఉపాయము పెద్దది కాదు: చేరిన నాడు గుసగుసతో తృప్తిపడక ఒక ఆడియోగ్రాం, కొలువులో ఏడాదికొకటి, విడుదల నాడొకటి తీసి, అన్నింటిని ఒకే దస్త్రమున దాచి, నకలు సైనికుని చేతికిచ్చుట. ఒక్కొక్క పటమునకు అరగంట కాలము చాలును. అది జరిగిన నాడు న్యాయమైన అర్జీ మొదటి మెట్టుననే నెగ్గును, న్యాయము కానిది మొదటి మెట్టుననే నిలుచును, చెన్నై రైలెక్కవలసిన అవసరము ఇరువురకును తప్పును. అంతవరకు పటము తీయించక పోయిన లోపము సైన్యమునదే గాని సైనికునిది కాదు గనుక, ఆ లోపమువలన పుట్టిన సందేహపు మూల్యమును అతనిచేత కట్టించుట న్యాయము కానేరదు.